ఎడ్మండ్‌ని అంత ఈజీగా ఎలా వదిలేశారు? పాప స్కూల్ ప్రాజెక్ట్, కొంచెం హెల్ప్ చెయ్యండి

గాజువాక నాన్న:

అందరికీ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి, సెలవులకి ఒక ఇంగ్లిష్ నవల చదివి అందులో వీరత్వం, క్షమ, ప్రకృతి ఈ మూడిటి గురించి క్లాసులో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. పుస్తకం సి.ఎస్. లూయిస్ రాసిన ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’, 1950లో వచ్చింది. నాకు ఇంగ్లిష్ నవలలు చదివే అలవాటు లేదు, కానీ పాప పక్కన కూర్చోమంది కదా అని సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) నుంచి వచ్చాక రోజుకో చాప్టర్ చొప్పున నేనూ చదివాను, పదిహేడు చాప్టర్లు, పిల్లల పుస్తకమే కదా అని మొదలెట్టాను గానీ ఆ రాతి బల్ల దగ్గరికొచ్చేసరికి చేతిలో టీ చల్లారిపోయింది.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. యుద్ధం టైంలో లండన్ మీద బాంబులు పడుతున్నాయని నలుగురు పిల్లల్ని, పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ, ఊరవతల ఒక ప్రొఫెసర్ గారింటికి పంపిస్తారు. అక్కడ ఒక బట్టల బీరువా, దాంట్లోంచి నార్నియా అనే లోకం. అక్కడొక తెల్ల మంత్రగత్తె వందేళ్లుగా చలికాలం పోనివ్వకుండా పెట్టింది, క్రిస్మస్ కూడా రాదు. ఎడ్మండ్ ఆమె ఇచ్చిన టర్కిష్ డిలైట్ అనే మిఠాయికి పడిపోయి తోడబుట్టినవాళ్లనే పట్టించబోతాడు. చివరికి అస్లాన్ అనే సింహం రాతి బల్ల మీద వీడి బదులు తన ప్రాణం ఇస్తుంది, మళ్లీ లేస్తుంది.

ఇప్పుడు మా గొడవ ఏంటంటే పాప ఎడ్మండ్ మీద మండిపడుతోంది. అంత పని చేసినోడు వెనక్కొచ్చి సారీ అంటే వీళ్లు పర్లేదులే అన్నారట, అంతే, కథ ముందుకెళ్లిపోయింది. “తమ్ముడు నా డైరీ సంగతి అమ్మకి చెప్పేస్తే నేను ఇప్పటికి మూడు వారాలు మాట్లాడలేదు, వీళ్లు ఒక్క నిమిషంలో ఎలా వదిలేశారు నాన్నా” అంటోంది. (ఆ మాట్లాడకపోవడం ఇంకా నడుస్తోంది, మధ్యలో పోస్ట్‌మేన్ పని నాది.) నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి, ఇందులో హీరో ఎవరు? కత్తి పట్టింది పీటర్, చచ్చి బతికింది సింహం, మరి మిగతావాళ్లు? ప్రకృతి గురించైతే పాప అడిగిన దానికి నవ్వాలో ఏం చెయ్యాలో తెలీలేదు, “ఎప్పుడూ చలికాలమే అంటే మంచిదేగా నాన్నా, అది శాపం ఎలా అవుద్ది” అంది. మన వైజాగ్‌లో డిసెంబరు కోసం ఏడాదంతా ఎదురుచూసే జనానికి నిజమే కదా మరి!

లాసన్స్‌బే లక్ష్మి:

హీరో ఎవరా? బీవరమ్మ గారు! అంటే పిల్లలకి ఇంట్లో చోటిచ్చిన, మాట్లాడే బీవర్ (నీళ్ల దగ్గర ఇల్లు కట్టుకునే జంతువు). ఎవరూ ఈవిడని పట్టించుకోరు. ఎడ్మండ్ మాయమయ్యాడు, మంత్రగత్తె తోడేళ్లు ఏ క్షణమైనా వచ్చి పడతాయి, అందరూ తలుపు దగ్గర నిలబడి పదండి పదండి అంటుంటే ఈవిడ తాపీగా టీ పొడి, పంచదార, రొట్టెలు మూట కడుతుంది, పైగా కుట్టుమిషన్ మోసుకెళ్లడం కష్టమేనేమో అని బాధపడుతుంది. మా అత్తగారు తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఇంతే, ముందు పచ్చడి జాడీలు అటక మీదకెక్కాలి, తర్వాతే మనుషులు. ఆ మూట లేకపోతే ఆ ముగ్గురు పిల్లలు ఆ మంచులో ఏం తిని నడిచేవాళ్లు చెప్పండి. తర్వాత క్రిస్మస్ తాత ఆవిడకి కొత్త కుట్టుమిషన్ ఇస్తాడు, పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన న్యాయం అదే.

చోడవరం మాస్టారు:

బాబూ, ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనోణ్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదువు.

ముందు ఆ మిఠాయి సంగతి. మన గుంటలకి టర్కిష్ డిలైట్ అంటే ఏటి తెలుస్తాది, మాడుగుల హల్వా అని చెప్పు, వెంటనే పట్టేస్తారు. నెయ్యి కారుతా నోట్లో పెట్టగానే కరిగిపోయే హల్వా, అదీ మంత్రం వేసిన హల్వా, ఒకసారి తిన్నోడు ఇంకా కావాలి ఇంకా కావాలి అని చచ్చేదాకా తింటానే ఉంటాడు. ఇంకో సంగతి, ఈ పుస్తకం వచ్చిన 1950లో ఇంగ్లండ్‌లో మిఠాయిలు రేషన్ మీదే దొరికేవి, 1953 దాకా అంతే. అంచేత అప్పటి పిల్లలు ఆ పేజీ చదివితే ఎడ్మండ్‌ని తిట్టుకునుండరు, లోపల లోపల నోరూరుండాలి. ఆళ్లు కూడా తినీసుండేవోళ్లే. రచయిత గడుసుతనం అక్కడుంది, తప్పు చేసినోణ్ని మనకి దూరంగా నిలబెట్టలేదు.

ఇంకోటి చెప్పీస్తాను, ఎడ్మండ్ చేసిన అసలు పాపం హల్వా కాదు. లూసీ నార్నియా చూశానంటే ఎవరూ నమ్మరు. తర్వాత వీడూ వెళ్లి కళ్లారా చూసొస్తాడు. వచ్చి అన్నయ్య ముందు, ఏం లేదు మేమిద్దరం ఊరికే ఆడుకున్నాం అనీసాడు. ఆ పిల్ల ఏడుస్తా పారిపోతాది. నా దృష్టిలో అదే పెద్ద తప్పు, హల్వాకి మంత్రం సాకుంది, దీనికి ఏ సాకూ లేదు. ఆ తర్వాత మంత్రగత్తెకి ఇంటి విషయాలన్నీ చెప్పీసాడు, బీవర్ల ఇల్లు ఎక్కడ, సింహం ఎక్కడికొస్తాది, మొత్తం. మనోళ్లు ఇంటి గుట్టు లంకకు చేటు అన్నది ఇలాంటోళ్లని చూసే.

ఇప్పుడు వీరత్వం. పీటర్ తోడేలుని చంపిన చోటు మళ్లీ చదివించు పాప చేత. ఆడికి ధైర్యమేమీ లేదు, కడుపులో తిప్పి వాంతొచ్చేలాగుంది అని రాసుంటాది, అయినా చెల్లెలు చెట్టుకి వేలాడతంది కాబట్టి వెళ్తాడు. ఒక పెద్ద పోట్లాటలాగ రాయలేదు, జుట్టు, వేడి ఊపిరి, గందరగోళం, అంతలో అయిపోద్ది. అయ్యాక అన్నాచెల్లెళ్లు ఇద్దరూ పట్టుకుని ఏడుస్తారు. అప్పుడు సింహం పొగడదు, ముందు కత్తి తుడవడం మర్చిపోయావంటాది! మన సినిమాల్లో హీరో కత్తి తుడవడం ఎప్పుడైనా చూశావా నువ్వు? చేసిన పని ఎంత పెద్దదైనా తర్వాత సర్దుకోవాల్సిన చిన్న పని ఉంటాదని.

ఇంక ఎడ్మండ్. క్రిస్మస్ తాత పీటర్‌కి కత్తీ డాలూ, సూసన్‌కి విల్లూ బూరా, లూసీకి చిన్న కత్తీ గాయాలు మాన్పే మందూ ఇచ్చాడు. ఎడ్మండ్ అప్పుడక్కడ లేడు, వాడికేం దక్కలేదు. కానీ ఆఖరి యుద్ధంలో అందరూ మంత్రగత్తె మీదకి దూకి రాళ్లైపోతంటే వీడొక్కడే ఆమెని వదిలీసి ఆమె చేతిలో మంత్రదండం విరగ్గొట్టాడు. దాంతోనే యుద్ధం మలుపు తిరిగింది. పీటరే సింహంతో చెప్తాడు, ఇదంతా ఎడ్మండ్ వల్లే అని. ఎందుకు వాడికే ఆ ఆలోచన వచ్చిందంటావు? ఆ దండం ఏం చేస్తాదో దగ్గర్నుంచి చూసినోడు వాడొక్కడే కదా. తప్పు దారిలో తిరిగినోడికే ఆ దారిలో గుంతలు తెలుస్తాయి బాబూ.

మధురవాడ సందీప్:

మాస్టారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నేను మాత్రం పాప పార్టీ. ఎడ్మండ్ వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఎవరు? టమ్నస్, లూసీకి నార్నియాలో మొదట కలిసిన మేకకాళ్ల మనిషి. లూసీకి టీ ఇచ్చి మంత్రగత్తెకి పట్టివ్వకుండా వదిలేసిన పాపానికి, ఎడ్మండ్ నోరు జారినందుకు వాడి ఇల్లు ధ్వంసం, వాడు రాతిబొమ్మ. తర్వాత సింహం ఊపిరి ఊదితే లేచాడు సరే, కానీ ఎడ్మండ్ వెళ్లి టమ్నస్‌కి సారీ చెప్పినట్టు నాకెక్కడా కనబడలేదు. అన్నయ్యకీ అక్కకీ చెల్లికీ చెప్పేశాడు, రాజైపోయాడు, పైగా న్యాయవంతుడు అని బిరుదు. దెబ్బ తిన్నోడు ఒకడు, క్షమించేది ఇంకొకరు.

మన దగ్గర పోతన భాగవతంలో ద్రౌపది చూడండి. అశ్వత్థామ నిద్రపోతున్న ఐదుగురు పిల్లల్ని చంపాడు, అర్జునుడు వాణ్ని కట్టి తీసుకొచ్చి ఆమె ముందే పడేశాడు, భీముడు చంపేద్దామంటాడు. వద్దు అన్నది ఎవరు? పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి. ఎందుకంటే వీడికీ ఒక తల్లి ఉంది, నేను ఏడ్చినట్టు ఆవిడ ఏడవకూడదు అంది. అక్కడ క్షమకి హక్కు ఉంది, కారణం ఉంది. అలాగని ఉత్తినే కూడా వదల్లేదు, తల గొరిగి నుదుటి మణి తీసేసి పంపించారు. నార్నియాలో అంత లెక్క నాకు కనబడలేదు. నా పాయింట్ తప్పైతే చెప్పండి, తిట్టకండి 😄

గాజువాక నాన్న:

సందీప్ గారూ, మీ పోస్ట్ పాపకి చదివి వినిపించాను, “ఈ అంకులే కరెక్ట్” అని లేచి డాన్స్. టమ్నస్ సంగతి మాకూ తట్టలేదు. మాస్టారూ, కత్తి తుడవడం నోట్ చేసుకుంది. ప్రకృతి గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, ఆ చలికాలం డౌట్ అలాగే ఉంది.

ఏయూ పాత స్టూడెంట్:

చలికాలం డౌట్‌కి నేను చెప్తా అన్నా. పాప అన్నది వంద శాతం నిజం, మంచు చూడాలంటే మనం లంబసింగి దాకా వెళ్లి తెల్లారుజామున వణుక్కుంటూ ఫొటోలు దిగొస్తాం, మనకది పిక్నిక్. కాబట్టి దాన్ని మన ఎండలోకి మార్చి చెప్పు. వందేళ్లపాటు రోహిణి కార్తే, మృగశిర రాదు. రోళ్లు పగిలే ఎండ, సముద్రం పక్కనే ఉన్నా చుక్క వాన లేదు, చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్క, మబ్బు పడుతుంది పోతుంది, మామిడిపళ్లు కూడా రావు. అలా వందేళ్లు. అప్పుడు అర్థమవుద్ది క్రిస్మస్ రాని చలికాలం అంటే ఏంటో.

ఇక మంచు కరిగే చాప్టర్, పదకొండోది అనుకుంటా, అది చదువుతుంటే నాకు హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. పొద్దున్నంతా గంటకి 180 కిలోమీటర్ల గాలి, మధ్యలో కాసేపు ఆగితే అయిపోయిందనుకుని బయటికొచ్చాం, తుఫాను కన్ను మన మీద నుంచే వెళ్తోందని అప్పుడు మాకేం తెలుసు, మళ్లీ అటు వైపు నుంచి మొదలైంది. తెల్లారి చూస్తే కైలాసగిరి మొత్తం ఎవరో నిప్పు పెట్టినట్టు గోధుమరంగు. క్యాంపస్‌లో పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా పడున్నాయి, పడని చెట్లకి కూడా ఒక్క ఆకు లేదు. కరెంటు లేదు ఫోన్లు లేవు, అవన్నీ ఎలాగో తట్టుకున్నాం గానీ పిట్టల చప్పుడు లేకపోవడమే నాకు భయమేసింది. తర్వాత రెండు మూడు వారాలకనుకుంటా మా సందు చివర వేపమోడుకి ఎర్రటి చిగురు, ఉగాదికి రావాల్సింది దీపావళి వెళ్లాక వచ్చింది! సందులో పెద్దవాళ్లంతా దాని చుట్టూ నిలబడి చూశారంటే నమ్ముతారా, మా పక్కింటి తాతగారు చేత్తో ముట్టుకుని చూశారు.

ఇప్పుడు ఆ చాప్టర్ చూడు అన్నా. మంచు కరగడం ముందు ఎవరికి తెలుస్తుంది? పీటర్‌కి కాదు లూసీకి కాదు. ఎండు రొట్టె పెట్టి, మంత్రగత్తె లాక్కెళ్తున్న ఎడ్మండ్‌కి. కంటికి కాదు, చెవికి. బండి ఆగినప్పుడు ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది, ఎందుకో తెలీకుండానే వాడి గుండె ఎగురుతుంది. తర్వాత చుక్కలు రాలడం, పచ్చగడ్డి, పువ్వులు, పిట్టలు. బండి బురదలో కూరుకుపోయి నడవాల్సొస్తుంది, పక్కనున్న మరుగుజ్జు ఇది ఉత్తి కరగడం కాదమ్మా వసంతం వచ్చేసింది అనేస్తాడు, అంటే మంత్రగత్తెకి పిచ్చి కోపం. లూయిస్ ఆ అందాన్ని మంచి పిల్లల కళ్లతో ముందు చూపించి ఉండొచ్చు, చూపించలేదు, బందీగా నడుస్తున్న దొంగకి చూపించాడు.

అది కూడా ఊరికే కాదు. దానికి కాస్త ముందే దారిలో ఉడతలు, నక్క ఒకటి, ఇంకొంతమంది కూర్చుని క్రిస్మస్ విందు తింటుంటారు. మంత్రగత్తె వాళ్లని రాళ్లుగా మార్చబోతే ఎడ్మండ్ వద్దు వద్దు అని అరుస్తాడు, దెబ్బ తింటాడు. ఈ కథలో వాడు తన గురించి కాకుండా ఇంకొకరి గురించి బాధపడటం అదే మొదటిసారి అని రచయితే రాశాడు. ఆ తర్వాతే నీళ్ల చప్పుడు. సో సందీప్ బ్రో, ఒక్క నిమిషంలో వదిలేశారు అనడం కరెక్ట్ కాదేమో, వాడు మారడం క్షమాపణకి చాలా ముందే అయిపోయింది, అన్నయ్యకీ అక్కకీ తెలియని చోట. టమ్నస్ విషయంలో మాత్రం నీతోనే ఉన్నా.

జ్ఞానాపురం మేరీ అక్క:

ఇన్నాళ్లూ చదివి ఊరుకునేదాన్ని, ఇవాళ రాయాలనిపించింది. మా చర్చి పిల్లలకి సెలవుల్లో ఈ కథ చెప్తుంటాను. లూయిస్ క్రైస్తవ విశ్వాసి, రాతి బల్ల మీద చావు, తెల్లారి లేవడం, అవి గుడ్ ఫ్రైడే, ఈస్టర్ అని మాకు వెంటనే తెలిసిపోతుంది. కానీ మొన్న మా వీధిలో పిల్లలు కూడా వచ్చి కూర్చుంటే ఒక బాబు, సింహం అంటే సింహాద్రి అప్పన్నేనా ఆంటీ అని అడిగాడు. కాదు నాన్నా అనబోయి ఆగాను. వాడికి తెలిసిన సింహం అదే మరి. నరసింహస్వామి కోపంతో చీల్చాడు, అస్లాన్ తనే కట్టించుకుని జూలు కత్తిరించుకున్నాడు, రెండూ వేరు అని చెప్పాను. అప్పుడు వాళ్ల నానమ్మ వెనక నుంచి, ప్రహ్లాదుడు కూడా తండ్రి పాపం పోవాలనే వరం అడిగాడమ్మా అంది. ఆ రోజు కథ అక్కడే ఆగిపోయింది, టీ తాగి ఇళ్లకెళ్లాం.

బాంబుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. లండన్ పిల్లల్ని పంపించేశారంటే మన పిల్లలకి అదేదో దూరం కథ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన వైజాగ్ మీదా బాంబులేశాయి. మా అమ్మమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు, ఎడ్లబండి మీద విజయనగరం అవతల చుట్టాలింటికి పంపించేశారట, ఊరంతా ఖాళీ. తెలియని ఇల్లు, అమ్మ లేదు, ఆ ఇంట్లో అన్నం గిన్నెలో చెయ్యి పెట్టి దొంగతనంగా తినేదాన్ని అని చెప్పేది. ఎడ్మండ్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది. వాడు చెడ్డవాడని కాదు, ఇల్లు వదిలొచ్చిన పిల్లాడు.

సందీప్, నీకు నా జవాబు రెండు ముక్కలు. లెక్క లేదన్నావు, ఉంది బాబూ, చాలా పెద్ద లెక్క. ద్రోహి రక్తం నాది అని మంత్రగత్తె చట్టం చదువుతుంది, సింహం ఆ చట్టం అబద్ధం అనదు, ఆ బాకీ తనే తీర్చేస్తుంది. తమాషా ఏంటంటే ఆ బాకీ ఎవరు తీర్చారో ఎడ్మండ్‌కి తెలుసా అని చివర్లో లూసీ అడుగుతుంది, సూసనేమో తెలిస్తే వాడు తట్టుకోలేడు వద్దంటుంది, లూసీ తెలియాలి అంటుంది, అంతలో ఏదో అడ్డొస్తుంది, ఆ మాట అక్కడే తెగిపోతుంది. రెండోది, పీటర్ మొదటిసారి సింహం ముందు నిలబడి తమ్ముడి గురించి చెప్పేటప్పుడు, తప్పులో కొంత నాది కూడా, నేను కోప్పడ్డం వల్ల కూడా వాడు చెడిపోయాడు అంటాడు. ఎవరూ అడక్కుండానే. మీ పాపకి ఆ వాక్యం చూపించండి అన్నయ్యా, వాళ్ల తమ్ముడి గురించి నేనేం అనను.

ఇంకొక్కటి. సింహం ఎడ్మండ్‌తో పచ్చిక మీద నడుస్తూ ఏం మాట్లాడిందో రచయిత మనకి చెప్పలేదు, ఎవరికీ వినిపించలేదు అన్నాడు. తర్వాత వాణ్ని తీసుకొచ్చి, అయిపోయినదాని గురించి వీడితో మాట్లాడక్కర్లేదు అంటుంది. సారీ, పర్లేదు అయ్యాక నలుగురూ ఏదైనా ఒక మామూలు మాట మాట్లాడుకుందామని తెగ ప్రయత్నిస్తారు, ఒక్కరికీ ఏమీ తోచదు. మా పిల్లలు అక్కడ నవ్వుతారు. నాకు మాత్రం ఇంట్లో గొడవ తర్వాత భోజనాల బల్ల గుర్తొస్తుంది.

మధురవాడ సందీప్:

మేరీ అక్కా, పీటర్ ఆ మాట అన్నాడని నేను పూర్తిగా మర్చిపోయా. సగం ఒప్పుకుంటున్నా. టమ్నస్ కేసు మాత్రం క్లోజ్ చెయ్యను.

లాసన్స్‌బే లక్ష్మి:

ఎలకల గురించి ఎవరూ రాయలేదేంటి? సింహం చచ్చి పడుంటే రాత్రి చిన్న చిన్న ఎలకలొచ్చి కట్లు కొరుకుతాయి, సూసన్ ముందు ఛీ అని తోలెయ్యబోతుంది, తర్వాత లూసీకి అర్థమవుద్ది అవి విప్పడానికొచ్చాయని. చచ్చిపోయిందని కూడా తెలీదు పాపం వాటికి. ప్రకృతి, వీరత్వం రెండూ ఒకే చోట, పాపకి ఒక నిమిషం కలిసొస్తుంది.

గాజువాక నాన్న:

అందరికీ చాలా థాంక్స్. పాప స్పీచ్ రాసేసింది, నన్ను చూడనివ్వలేదు. మొదటి లైను మాత్రం వినిపించింది, వందేళ్ల రోహిణి కార్తెతో మొదలెట్టింది (పాత స్టూడెంట్ గారూ, మీ పేరు చెప్పదట). టమ్నస్‌కి న్యాయం జరగలేదు అని ఒక పేరా పెట్టిందట, టీచరు ఏమంటారో చూడాలి. ఎలకలు కూడా ఉన్నాయి. పీటర్ అన్న వాక్యం నేనేం చూపించలేదు, పేజీ మడిచి బల్ల మీద పెట్టి ఊరుకున్నాను.

ఇందాక భోజనాల దగ్గర తమ్ముడి వైపు చూడకుండానే “ఆ ఆవకాయ ఇటు ఇయ్యి” అంది. మూడు వారాల్లో మొదటి మాట. వాడు జాడీ మొత్తం జరిపేశాడు. ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలీలేదు, మా ఆవిడ నన్ను చూసి కళ్లతో ఊరుకో అంది, నేనూ ఊరుకున్నాను. సి షిఫ్ట్ బస్సుకి టైమైంది, వస్తాను.